తొలి బిడ్డతో మొదటి మూడు నెలలు: ఏ జాగ్రత్త ఉంచుకోవాలి, ఏ జాగ్రత్త వదులుకోవాలి

తొలి కాన్పు అయి పుట్టింట్లో ఉన్న అమ్మాయి రాత్రి రెండు గంటలకు లేచి, నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర చూపుడువేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసుకోవడం మా విజయవాడలో ఇంటింటా కనిపించేదే. ఇరవై ఆరేళ్ళ కిందట సత్యనారాయణపురంలోని మా అమ్మగారింట్లో నేను అదే చేశాను, నిరుడు పటమటలోని ఫ్లాట్లో మా చెల్లెలి కూతురు అదే చేస్తుంటే పక్క మంచం మీద నుంచి చూశాను. వేలికి ఊపిరి సరిగా తెలియకపోతే బుగ్గ మీద మెల్లగా తడుతుంది, బిడ్డ కదిలితే హమ్మయ్య అనుకుంటుంది, ఆ తట్టుడుకు వాడు మేలుకుని గుక్కపెడితే మళ్ళీ నిద్రపుచ్చడానికి గంట పడుతుంది. వాడు పడుకున్న పావుగంటకు వేలు మళ్ళీ ముక్కు దగ్గరకు వెళుతుంది.

ఇంటిల్లిపాదీ ఇలాంటివి చూసి ముచ్చటగా నవ్వుకుంటారు, ఆ నవ్వులో ప్రేమే ఉంటుంది. అయితే "ఏం కాదులే అమ్మా, మేమందరం పెంచలేదా" అన్నంత మాత్రాన ఆ తల్లి భయం తగ్గదు, ఎందుకంటే ఏది మామూలో ఏది ప్రమాదమో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. కాబట్టి మీరు చేస్తున్న ప్రతి జాగ్రత్తనూ ఒక్క ప్రశ్న అడగండి: ఈ పని వల్ల బిడ్డ గురించి నాకు తెలియనిది ఏదైనా తెలుస్తోందా, లేదా బిడ్డకు ఏదైనా మేలు జరుగుతోందా? రెండిటిలో ఒక్కటి ఉన్నా ఆ జాగ్రత్తను ఉంచుకోండి. రెండూ లేకపోతే దాన్ని వదిలి, ఆ కాసేపూ నిద్రపోండి. ఈ ప్రశ్నను ఎక్కడెక్కడ ఎలా వాడాలో కింద వరుసగా రాస్తున్నాను. నెలలు నిండి, తగినంత బరువుతో పుట్టి, డాక్టరు బాగున్నాడని చెప్పి ఇంటికి పంపిన బిడ్డల కోసం రాసిన మాటలివి. నెలలు తక్కువై పుట్టిన బిడ్డ, బరువు తక్కువున్న బిడ్డ విషయంలో మీ డాక్టరు చెప్పిందే పాటించండి.

మొదట, భయాలను కాగితం మీద పెట్టండి

ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే ఒక తెల్ల కాగితం తీసుకుని, బిడ్డలో మిమ్మల్ని భయపెట్టిన ప్రతిదాన్నీ రాయండి. చిన్నదని వదిలిపెట్టవద్దు. మా అమ్మాయి, అదే మా చెల్లెలి కూతురు, ఆసుపత్రి ఫైలు వెనక రాసుకున్న జాబితాలో పద్నాలుగు ఉన్నాయి: ఎక్కిళ్ళు, తుమ్ములు, నిద్రలో ఉలిక్కిపడటం, పాలు కక్కడం, మాడు కొట్టుకోవడం, అరికాళ్ళు చల్లగా ఉండటం, ముక్కు మీద తెల్లటి చుక్కలు, దొడ్డి రంగు, నిద్రలో నవ్వు, అలా ఇంకొన్ని. అంతకుముందు వాటిని ఒక్కొక్కటిగా, ఫోటోలతో సహా, డాక్టరుగారి వాట్సాప్‌కు పంపుతూ ఉండేది. జవాబు రాకపోతే కంగారు, వస్తే ఆ జవాబు మీద మరో సందేహం. పద్నాలుగూ ఒకేసారి ఎదురుగా కూర్చుని అడిగిన రోజున ఆమెకు దొరికిన నెమ్మది అన్ని మెసేజీల్లోనూ దొరకలేదు.

ఆ జాబితాలో చాలా భాగం పసిబిడ్డలందరిలోనూ ఉండేదే. ఎక్కిళ్ళు కడుపులో ఉన్నప్పుడే మొదలవుతాయి, వాటికి నీళ్ళు పట్టనక్కరలేదు, నుదుట తడి దారప్పోగు అంటించినా అంటించకపోయినా అవే తగ్గిపోతాయి. తుమ్ము జలుబు కాదు, బిడ్డ తన ముక్కును శుభ్రం చేసుకునే మార్గం. చేతులు ఒక్కసారిగా చాచి ఉలిక్కిపడటం పుట్టుకతో వచ్చే ప్రతిచర్య, అది నాలుగైదు నెలలకు పోతుంది. మాడు దగ్గర ఎముకలు ఇంకా కలవలేదు కనుక లోపలి నాడి కొట్టుకోవడం పైకి కనిపిస్తుంది. తలంటేటప్పుడు అరచేత్తో మెల్లగా రాసినంత మాత్రాన అక్కడ ఏమీ కాదు. మొదటి రెండు రోజులు దొడ్డి నల్లగా జిగురుగా ఉండి, తరువాత ఆకుపచ్చగా మారి, అయిదో రోజుకల్లా ఆవపిండి కలిపినట్టు పసుపు రంగుకు వస్తుంది. ఆడపిల్లకు మొదటి వారంలో చిన్న రక్తపు మరక కనిపించినా, మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములు కాస్త ఉబ్బినా, అది తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావమే. ఆ రొమ్ములను పిండటం మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వకండి, చీము పట్టే ప్రమాదం ఉంది.

మిగిలిన రెండు మూడింటిని కాగితం మీదే ఉంచండి. దొడ్డి సున్నంలా తెల్లగా, పాలిపోయి వస్తుంటే అది కాలేయానికి సంబంధించిన సంగతి కావచ్చు, ఆ రోజే చూపించాలి. పచ్చకామెర్లు రెండో రోజో మూడో రోజో కనిపించి రెండు వారాల్లో తగ్గిపోవడం మామూలే అయినా, పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులకూ అరికాళ్ళకూ పాకినా ఎండలో పడుకోబెట్టి తగ్గుతుందని చూడకూడదు.

ముక్కు దగ్గర వేలు తీసి, ఊపిరి లెక్కపెట్టండి

వేలు పెట్టి చూస్తే ఊపిరి ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది. ఊపిరి ఎలా ఉందో తెలియదు, మీరు తెలుసుకోవలసింది అదే. రోజుకు ఒక్కసారి, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, పొట్ట మీది బట్ట తొలగించి, గడియారం పక్కన పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే పసిబిడ్డ విషయంలో లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాళ్ళ ఊపిరి ఒకే తీరుగా నడవదు. గబగబా నాలుగైదు ఊపిరులు తీసి, అయిదు నుంచి పది సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. మీరు చూపుడువేలు పెట్టిన క్షణం సరిగ్గా ఆ విరామంలో పడితే గుండె జారిపోతుంది. నా గుండె అలాగే జారింది. ఆ ఆగడం మామూలేనని ఒక్కరు ముందు చెప్పి ఉంటే నేను ఎన్నో రాత్రులు పడుకునేదాన్ని.

నిమిషానికి 30 నుంచి 60 లోపు మామూలు. 60 గాని అంతకు మించి గాని వస్తే, బిడ్డ నెమ్మదించాక మరోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే డాక్టరు దగ్గరకు బయలుదేరండి. డొక్కలు ఎగరేస్తున్నా, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి 20 సెకన్లు ఆగినా లెక్కలతో పని లేదు, వెంటనే వెళ్ళాలి.

ఒక వారం ఇలా లెక్కపెట్టిన తల్లి బిడ్డ పొట్ట లేచి దిగే తీరును దూరం నుంచే గుర్తుపడుతుంది. అప్పుడు వేలు దానంతటదే ఆగిపోతుంది. రాత్రిళ్ళు బిడ్డను నిజంగా కాపాడేది మాత్రం పడుకోబెట్టే తీరు: వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా, మెత్తటి బొమ్మలు, దుప్పట్లు చుట్టూ పేర్చకుండా. అమెరికాలో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో దేశవ్యాప్త ప్రచారం మొదలైన తరువాత, నిద్రలో అకస్మాత్తుగా జరిగే శిశుమరణాలు కొన్నేళ్ళలోనే దాదాపు సగానికి తగ్గాయి. తల గుండ్రంగా రావాలని మనవాళ్ళు పెట్టే ఆవాల దిండును సైతం నిద్రలో తీసివేయండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుట కాసేపు బోర్లా పడుకోబెడితే తల ఆకారానికీ మెడ బలానికీ అది చాలు. బోర్లా ఉన్నప్పుడు పక్కనుంచి లేవకండి.

ఎండాకాలంలో బట్టల పొరలు తీయండి

మా అమ్మాయికి బాబు ఏప్రిల్ నెలాఖరులో పుట్టాడు. మే నెలలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు, 40 డిగ్రీలు దాటిన రోజులే ఎక్కువ. ఆ ఎండలో బాబుకు ఒక జుబ్బా, దాని మీద ఇంకో చొక్కా, ఆ పైన పొత్తిళ్ళు, తలకు టోపీ, చేతులకు తొడుగులు, కాళ్ళకు మేజోళ్ళు ఉండేవి. ఏసీ వేస్తే జలుబు చేస్తుందని ఆపేసింది, ఫ్యాను గాలి ముక్కులోకి పోతుందని అదీ ఆపింది. తను మాత్రం కొంగుతో విసురుకుంటూ పక్కనే కూర్చునేది. ఒక రాత్రి ఒళ్ళు కాలుతోందని థర్మామీటరు పెడితే 99.8 చూపింది. సంచులు సర్దారు, అల్లుడు కారు తీశాడు, మా చెల్లెలు ముడుపు కట్టడానికి పసుపు గుడ్డ వెతుకుతోంది. నేను బాబును తీసుకుని పొరలన్నీ విప్పాను. మెడ మడతల్లో చెమటకాయలు ఎర్రగా పొక్కి ఉన్నాయి. పల్చటి నూలు జుబ్బా ఒక్కటి ఉంచి, ఫ్యాను వేసి, పాలివ్వమని చెప్పి, అరగంట ఆగి మళ్ళీ చూస్తే 98.4. ఆ అరగంటలో వాడు కడుపునిండా తాగి, చేతులు రెండూ బార చాపి నిద్రపోయాడు.

దీనిలో మీరు పాటించవలసిన క్రమం ఇది. వేడిగా అనిపిస్తే ముందు పొరలు తీయండి, పాలివ్వండి, అరగంట తరువాత చంకలో థర్మామీటరు పెట్టి చూడండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 గాని అంతకు మించి గాని ఉంటే ఇంట్లో మందు వేసి ఎదురుచూడకుండా ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అంత లేకపోయినా పాలు పట్టకుండా మగతగా ఉంటే అప్పుడూ వెళ్ళాలి. 97.7 కంటే తగ్గితే బిడ్డను మీ గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని పైన దుప్పటి కప్పుకోండి, వేడి పుంజుకోకపోతే బయలుదేరండి.

చలి వేస్తోందో లేదో అరికాళ్ళు పట్టి తేల్చవద్దు, పసిబిడ్డల అరికాళ్ళు మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకగాని పొట్ట మీదగాని చెయ్యి పెట్టండి, అక్కడ గోరువెచ్చగా పొడిగా ఉంటే సరిపోయినట్టు, చెమట తగిలితే ఒక పొర తీయాలి. ఏసీని 26 నుంచి 28 మధ్య ఉంచి, గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా చూసుకుంటే చాలు. చేతి తొడుగుల గురించి కూడా ఒక మాట చెప్పాలి: లోపల ఊడిన దారం చిన్ని వేలికి చుట్టుకుని బిగిసిపోవడం నిజంగా జరిగే ప్రమాదం. గోళ్ళు గీరుకుంటాయని తొడుగులు వేసే బదులు, బిడ్డ గాఢనిద్రలో ఉన్నప్పుడు పిల్లల గోళ్ళ కత్తెరతో కత్తిరించండి. మొదటిసారి చెయ్యి వణుకుతుంది, రెండోసారికి వణకదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మాత్రం టోపీ, మేజోళ్ళు వేయండి, అప్పుడు వాటి అవసరం నిజంగానే ఉంది.

పాల పుస్తకంలో ఒకే ఒక్క గీత ఉంచండి

తొలిచూలు తల్లుల్లో చాలామంది ఒక పుస్తకం పెడతారు. కుడివైపు ఎన్ని నిమిషాలు, ఎడమవైపు ఎన్ని నిమిషాలు, ఎక్కిళ్ళు ఎన్నింటికి వచ్చాయి, ఎంత కక్కాడు, ఎంతసేపు ఏడ్చాడు. పాలిచ్చే ముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి తూకం యంత్రం మీద పడుకోబెట్టిన వాళ్ళను నేను చూశాను. బిడ్డ కాళ్ళాడిస్తే ముల్లు ఆగదు, ఆ కాస్త తేడా చూసి ఏడ్చిన తల్లిని ఓదార్చడం ఎవరి తరమూ కాదు. ఈ జాగ్రత్త వెనక ఉన్న భయం ఒక్కటే: నా పాలు సరిపోవడం లేదేమో. ఈ భయం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతున్నాను, ఎందుకంటే డబ్బా పాలు ఇంట్లోకి వచ్చేది దీని వెంటే, డబ్బా వచ్చాక బిడ్డ తల్లిదగ్గర చీకడం తగ్గి, చీకడం తగ్గినందుకు పాలు నిజంగానే తగ్గుతాయి.

పుస్తకాన్ని పారేయమని చెప్పను. అందులో ఒంటేలు పోసినప్పుడల్లా ఒక గీత గీయండి, అంతే. అయిదో రోజు దాటాక 24 గంటల్లో ఆరు గీతలు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, లోపలికి పాలు వెళ్ళకుండా అంత ఒంటేలు బయటికి రాదు. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు అడగడం పసిబిడ్డకు సహజమే, గంటకొకసారి అడిగాడని పాలు చాలలేదని కాదు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ నూటికి 7 నుంచి 10 వంతుల వరకు బరువు తగ్గి, పది పద్నాలుగు రోజులకు పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తాడు. ఆ తరువాత మొదటి మూడు నెలలూ రోజుకు సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతాడు కనుక, వారానికి ఒకసారి గాని టీకాకు వెళ్ళినప్పుడు గాని తూచితే చాలు.

ఎండాకాలంలో మన ప్రాంతంలో అందరూ అడిగే మాట ఒకటుంది: ఇంత ఎండకు పసివాడి గొంతు ఎండదా, రెండు చెంచాలు నీళ్ళు పట్టకూడదా? పట్టకూడదు. తల్లిపాలలో నూటికి సుమారు 87 వంతులు నీరే, దాహానికి కూడా ఆ పాలే మందు. ఆరు నెలలు నిండే వరకు నీళ్ళు, పంచదార నీళ్ళు, గ్రైప్ వాటర్, ఏదీ అక్కరలేదు. రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు మాత్రం డాక్టరు రాస్తారు, అవి మరవవద్దు. నీళ్ళు తాగవలసింది మీరు. బాలింతకు నీళ్ళు తక్కువ ఇస్తే పొట్ట పెరగదనే పాత మాట వల్ల ఎంతమంది తల్లులు మలబద్ధకంతో, మూత్రంలో మంటతో బాధపడుతున్నారో నాకు తెలుసు. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్ళు ఉంచుకోండి.

చేతులు కడగండి, మిగిలినవి తగ్గించండి

చెంచా పది నిమిషాలు మరగబెట్టి, తడి గుడ్డతో తుడిచి, గట్టు మీద పెట్టి, దాన్నే తీసి బిడ్డ నోట్లో పెట్టడం ప్రతిచోటా కనిపిస్తుంది. మరగబెట్టిన ఫలితం ఆ గుడ్డతోనే పోయింది. బిడ్డ నోట్లోకి వెళ్ళే చెంచా, ఉగ్గుగిన్నె మాత్రమే మరగబెట్టి, మూత పెట్టి ఆ గిన్నెలోనే ఉంచి, వాడే క్షణంలో శుభ్రమైన చేత్తో తీయండి. పక్కగుడ్డలను రెండువైపులా ఇస్త్రీ చేయడం, గచ్చును రోజుకు నాలుగుసార్లు ఘాటు మందుతో తుడవడం, ఊరి నుంచి వచ్చిన తాతయ్యను స్నానం చేస్తే గాని గది దాటనివ్వకపోవడం వదిలేయవచ్చు. గుడ్డలు ఎండలో బాగా ఆరితే చాలు, ఎండకు మనకేమీ లోటు లేదు.

తాతయ్య చేతులు మాత్రం సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. 1847లో వియన్నాలోని ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పు చేసేవారందరూ మందునీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టగానే బాలింతల మరణాలు బాగా పడిపోయాయి, అప్పటికి సూక్ష్మజీవుల సంగతే లోకానికి సరిగా తెలియదు. అందుకని వాకిలి దగ్గరే సబ్బు, తువ్వాలు పెట్టి, వచ్చినవాళ్ళతో "ముందు చేతులు కడుక్కోండి బాబాయిగారూ" అని నవ్వుతూ అనండి. ఎవరూ నొచ్చుకోరు. పురుడు వెళ్ళేదాకా పదిరోజులు బాలింత గదిలోకి పదిమందీ రాకుండా మన పెద్దలు పెట్టుకున్న ఆచారం ఈ విషయంలో మేలే చేసింది. బారసాల నాడు మాత్రం ఇల్లంతా జనం, బిడ్డ చేతులు మారుతుంటాడు. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఉయ్యాల దగ్గర నుంచే చూసి వెళ్ళేలా, మొహం మీద ఎవరూ ముద్దు పెట్టకుండా చూసే పనిని మీ పిన్నికో మేనత్తకో ముందే అప్పగించండి. ఆ మాట మీరు అనడం కష్టం, వాళ్ళు అంటే చెల్లుతుంది.

చప్పుళ్ళ విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను. కుక్కరు కూత వినపడకూడదని పప్పును పక్కింట్లో ఉడికించుకురావడం అక్కరలేదు. పగలు వెలుతురు, ఇంటి మామూలు సందడి ఉండనివ్వండి, రాత్రి దీపాలు తగ్గించి మాటలు తగ్గించండి. పగలూ రాత్రీ బిడ్డకు అలాగే అలవాటవుతాయి.

బయటికి తీసుకువెళ్ళడానికి భయపడి టీకాలు వాయిదా వేయడం మాత్రం అతిజాగ్రత్తల్లో అన్నిటికంటే నష్టం చేసేది. పుట్టిన వెంటనే వేసేవి అయ్యాక, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వెళ్ళాలి. టీకా వేసిన రాత్రి కాస్త జ్వరం వస్తే ఏ మందు, ఎన్ని చుక్కలు వేయాలో బరువును బట్టి అక్కడే రాయించుకు రండి. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. ఆమె వచ్చినప్పుడు పడుకున్నాడని తలుపు దగ్గర నుంచే పంపించకండి, బిడ్డను విప్పి చూపించి, మీ కాగితంలో మిగిలినవి అడగండి.

పెద్దవాళ్ళ జాగ్రత్తలను విడదీయండి

ఇంట్లో మీ జాగ్రత్తలతో పాటు అమ్మమ్మవి, నాయనమ్మవి కూడా ఉంటాయి, రెండూ ఎదురెదురైతే నలిగేది మీరు. మొత్తంగా కాదనకండి. పీట మీద కూర్చుని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్ళు పోయడంలో మీ అత్తగారికి ఉన్న నేర్పు ఏ వీడియోలోనూ దొరకదు, దాన్ని దగ్గర కూర్చుని నేర్చుకోండి. దిష్టిచుక్క అరికాలికి పెట్టనివ్వండి.

వద్దనవలసినవి కొన్ని గట్టిగానే వద్దనాలి. కళ్ళకు కాటుక వద్దు, దానిలో సీసం ఉండవచ్చు. నాలుకకు తేనె ఏడాది నిండేవరకు వద్దు, పసిబిడ్డ పేగుల్లో విషం తయారుచేసే క్రిమి తేనెలో ఉండే వీలుంది. ఆముదం, వస నోట్లో వేయవద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు పోయవద్దు. బొడ్డుకు పసుపు, పౌడరు, ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేస్తే రెండు వారాల లోపు అదే ఊడిపోతుంది. స్నానం కాగానే పట్టే సాంబ్రాణి పొగ ఆ చిన్ని ఊపిరితిత్తులకు మంచిది కాదు. గుంటూరు మిరపకాయలతో దిష్టి తీస్తే వాటిని ఇంటి పొయ్యిలో కాకుండా పెరట్లోనో మేడ మీదో కాల్చమనండి, ఆ ఘాటుకు పెద్దవాళ్ళకే దగ్గు ఆగదు. ఇవి మీరు నేరుగా చెప్పలేకపోతే, టీకాకు వెళ్ళేటప్పుడు అత్తయ్యను వెంట తీసుకువెళ్ళి, ఆమె ముందే డాక్టరును అడగండి. ఆమె చెవులతో విన్నది ఇంటికి వచ్చాక ఆమే అందరికీ చెబుతుంది.

బీరువా తలుపు మీద ఒక కాగితం అంటించండి

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలను పెద్ద అక్షరాలతో రాసి, అందరికీ కనిపించేచోట అంటించండి: వరుసగా రెండు మూడుసార్లు పాలు పట్టకపోవడం, లేపినా లేవని మగత, 100.4 జ్వరం లేదా వెచ్చబెట్టినా తగ్గని చల్లదనం, 60కి చేరిన ఊపిరి, 20 సెకన్లు ఆగిన ఊపిరి, ప్రతి ఊపిరికీ మూలుగు, డొక్కలెగరేయడం, పెదవుల నీలం, ఫిట్స్, పసరు రంగు వాంతి, ఉబ్బిన మాడు లేదా లోపలికి పోయిన మాడు, అరికాళ్ళకు పాకిన పసుపు, బొడ్డు చుట్టూ ఎరుపు లేదా చీము, ఎనిమిది గంటలుగా ఒంటేలు లేకపోవడం. కింద 108 నంబరు, మీ డాక్టరుగారి నంబరు, రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు రాయండి. గుంటూరులో అయితే కొత్తపేటలో, విజయవాడలో అయితే మీ పేటకు దగ్గరలో, ఏ ఆసుపత్రి రాత్రిళ్ళు నిజంగా తలుపు తీస్తుందో పగటిపూటే వెళ్ళి కనుక్కుని రండి. ఆ కాగితంలో లేనిదేదైనా రాత్రి కనిపిస్తే, బిడ్డ పాలు తాగుతూ, ఒంటేలు పోస్తూ ఉన్నంతవరకు తెల్లవారేదాకా ఆగవచ్చు. మనసు మరీ ఒప్పుకోకపోతే ఆగవద్దు, వెళ్ళండి. అలా వెళ్ళి ఏమీ లేదనిపించుకుని వచ్చిన తల్లిని ఎవరూ తప్పుపట్టకూడదు.

చివరగా, మీ నిద్రకు మనిషిని పెట్టండి

కాన్పు తరువాత మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్ళు రావడం, గుబులుగా ఉండటం చాలామందికి ఉంటుంది, నిద్రా ఆదరణా దొరికితే అది తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా మీకు కన్ను మూతపడకపోతే, పదే పదే చూసుకోవడం మానాలనుకున్నా మానలేకపోతే, మీకూ బిడ్డకూ హాని జరుగుతుందనే ఆలోచనలు వస్తుంటే, అది మీ స్వభావం కాదు, కాన్పు తరువాత వచ్చే జబ్బు. దానికి వైద్యం ఉంది. మీ కాన్పు చేసిన డాక్టరుకు చెప్పండి, లేదా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ స్థితి రాకముందే ఈ ఏర్పాటు చేసుకోండి. రాత్రి తొమ్మిది గంటలకు పాలిచ్చి, బిడ్డను మీ అమ్మగారికో ఆయనకో అప్పగించి, వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. ఆ సమయంలో చూస్తూ ఉండవలసింది వాళ్ళు. పొట్ట లెక్కపెట్టడం వాళ్ళకు మీరే నేర్పి ఉంచండి, ఎందుకంటే చూసేవాళ్ళకు చూడటం వచ్చని నమ్మకం కుదిరితేనే మీకు నిద్ర పడుతుంది. మా అమ్మాయి మొదటి రాత్రి పావుగంటకొకసారి తలుపు తీసింది. రెండో రాత్రి ఒక్కసారే తీసింది. మూడో రాత్రి పన్నెండున్నరకు బాబు ఆకలికి లేచి ఏడిస్తే, మేమే వెళ్ళి ఆమెను తట్టి లేపవలసి వచ్చింది.